ప్రకృతి వడ్డనలో తేడా ఉందా?

వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటేనన్న సామెతను హాస్టల్లో పెరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. భౌతిక శాస్త్రజ్ఞులు ప్రకృతి గురించి ఇదే ప్రశ్న వేసుకున్నారు: అది అందరికీ సమానంగా వడ్డిస్తుందా?

పదార్థంలోని మూలకణాలేమిటో, వాటి మధ్య పనిచేసే బలాలేమిటో చెప్పే సిద్ధాంతం స్టాండర్డ్ మోడల్. గురుత్వాకర్షణ ఒక్కటే అందులో లేదు. దాని ప్రకారం మనం పాఠాల్లో చదివే ఎలక్ట్రాన్‌కు మ్యూయాన్ అనే అన్న ఉన్నాడు. బరువు సుమారు 207 రెట్లు ఎక్కువ. ఆ బరువు తప్ప ఇద్దరికీ తేడా లేదు, బలాలు ఇద్దరినీ ఒకేలా చూడాలి.

నిజంగా చూస్తున్నాయా? దీన్ని తేల్చడానికి బి-మీసాన్ అనే బరువైన కణం పనికొస్తుంది. ఇది ప్రోటాన్ కంటే ఐదున్నర రెట్లు బరువు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒకటిన్నర భాగం మాత్రమే బతుకుతుంది. అంత బరువు ఉన్నందున, అది విచ్ఛిన్నమయ్యేటప్పుడు మ్యూయాన్ల అదనపు బరువు దానికి ఒక లెక్క కాదు. సుమారు 20 లక్షల బి-మీసాన్లలో ఒక్కటి కేయాన్ అనే కణంతోపాటు ఎలక్ట్రాన్ జంటనో, మ్యూయాన్ జంటనో ఇస్తుంది. ఇంత అరుదైన చోట, మనకింకా కనబడని బరువైన కణమేదైనా వేలు పెడితే వెంటనే తేడా తెలుస్తుంది. మ్యూయాన్ జంటలను ఎలక్ట్రాన్ జంటలతో భాగిస్తే 1 రావాలి.

2021 మార్చిలో జెనీవా దగ్గరి సెర్న్‌లో పనిచేసే ఎల్‌హెచ్‌సీబీ బృందం 0.85 వచ్చిందని ప్రకటించింది. ప్రపంచమంతా కలకలం! యాభై ఏళ్ల సిద్ధాంతానికి బీట పడిందనుకున్నారు.

అదే ఏడాది జపాన్‌లోని సుకుబా నుంచి బెల్ ప్రయోగం ఫలితం వెలువడింది. 1999 నుంచి 2010 వరకు అక్కడ పోగుచేసిన 77.2 కోట్ల బి-మీసాన్ జంటలను జల్లెడ పట్టిన ఈ పనిలో ముందు నిలిచినవారు ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు. మాచర్ల నుంచి సాగర్ మీదుగా హైదరాబాద్ బస్సెక్కి, ఊరు దాటి సంగారెడ్డి దారి పడితే కందిలో ఉంటుంది ఆ సంస్థ. వారికి వచ్చిన విలువ 1.10, అటూ ఇటూ 0.16. అంటే సమానత్వానికి సరిపోతుంది. కానీ 0.85ను కొట్టిపారేసేంత కచ్చితమైన కొలత కాదు. అరుదైన సంఘటనలు చేతికి కొన్నే చిక్కుతాయి మరి.

2022 డిసెంబరులో ఎల్‌హెచ్‌సీబీ వారే తమ లెక్కను తిరగతోడారు. ఎలక్ట్రాన్లుగా లెక్కించినవాటిలో కొన్ని వేరే కణాలని తేలింది. వాటిని తీసేస్తే నిష్పత్తి 1కి సరిపోయింది. కొత్త సిద్ధాంతం కోసం ఎదురుచూసినవారు నిరాశపడ్డారు. నాకు మాత్రం, సంచలనం సృష్టించిన తమ ఫలితాన్ని తామే సరిదిద్దుకోవడం ఆ ఫలితం కంటే గొప్పగా అనిపించింది.

కథ ఇంతటితో ముగియలేదు. ఈ కుటుంబంలో మూడోవాడు టావ్, ఎలక్ట్రాన్‌కు సుమారు 3,477 రెట్ల బరువు. బి-మీసాన్లు మరో రకంగా విచ్ఛిన్నమైనప్పుడు టావ్‌లు లెక్కకన్నా కాస్త ఎక్కువ వస్తున్నట్టు 2012లో అమెరికాలోని బాబర్ ప్రయోగం చెప్పింది. తరువాతి కొలతలన్నీ కలిపి చూసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. సుకుబాలో ఇప్పుడు బెల్-2 ప్రయోగం దాన్నే మళ్లీ కొలుస్తోంది. కంది వారు అందులోనూ ఉన్నారు.