పోగు తెగితే ఆగే మగ్గం

హైదరాబాద్‌లో పదేళ్ల కిందట క్యాబులెక్కినవాళ్లకి ఎటియోస్ గుర్తుండే ఉంటుంది. స్పీడోమీటరు డ్రైవరు ఎదురుగా కాక డ్యాష్‌బోర్డు నడిమధ్యన ఉండేది. ముల్లు ఎక్కడ ఊగుతోందో వెనక సీట్లో వాళ్లకీ కనిపించేది. శంషాబాద్ ఫ్లైటుకి ఆలస్యమైన రోజున దాని మీంచి కళ్లు తిప్పుకోవడం కష్టం. టొయోటా 2010 చివర్లో మన మార్కెట్ కోసమని దింపిన బండి అది. డిక్కీలో పెళ్లి సామాను పట్టేది, ఎంత తిరిగినా మొరాయించేది కాదు. అయినా ఇంటి ముందు పెట్టుకుని మురిసిపోదామని కొన్నవాళ్లు తక్కువే. చివరికి టాక్సీ బండిగా ముద్రపడి 2020లో సెలవు తీసుకుంది.

విచిత్రమేమిటంటే, ఎటియోస్ వచ్చిన ఏడాదే ఆ కంపెనీ అమ్మకాల మీద అత్యాశకి లోకం ముందు లెంపలేసుకుంది.

2008లో దాదాపు 89.7 లక్షల బండ్లు అమ్మి, 77 ఏళ్లుగా మొదటి పీట మీదున్న జనరల్ మోటార్స్‌ని టొయోటా దాటేసింది. మరుసటి ఆగస్టులో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర టొయోటాదే అయిన ఓ లెక్సస్ కారు ఆపుతున్నా ఆగకుండా దూసుకుపోయి నలుగురు చనిపోయారు. వేరే మోడల్‌కి వేయాల్సిన రబ్బరు మ్యాటు యాక్సిలరేటర్‌ని పట్టేసింది. మ్యాట్ల కోసం 38 లక్షల బండ్లు వెనక్కి పిలిచారు. కొన్ని పెడళ్లు తొక్కాక పైకి లేవట్లేదని 2010 జనవరిలో మరో 23 లక్షలు. ఒకే పెడల్‌ని ఎనిమిది మోడళ్లలో బిగిస్తే ఖర్చు కలిసొస్తుంది నిజమే. తేడా వస్తే మాత్రం ఎనిమిదీ ఒక్కసారే గ్యారేజీ గుమ్మం తొక్కాలి.

ఆ ఫిబ్రవరి 24న అధ్యక్షుడు అకియో టొయోడా అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చున్నారు. మా వరస ముందు భద్రత, తర్వాత నాణ్యత, ఆ తర్వాతే సంఖ్య. అది తారుమారైంది, మనుషుల్ని తయారుచేసుకునే వేగం కన్నా కంపెనీ ఎదిగే వేగం ఎక్కువైపోయింది అని ఒప్పుకున్నారు. కొనుగోలుదారులకి నిజం దాచినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టడం వేరే కథ.

సంఖ్య కన్నా నాణ్యత ముందనే ఈ వరస అకియో ముత్తాత నాటిది. సకిచి టొయోడా 1924లో తెచ్చిన యంత్రమగ్గం పడుగులో ఒక్క పోగు తెగినా టక్కున ఆగిపోయేది. దాని విలువేమిటో మన పోచంపల్లి నేతగాళ్లకి చెప్పక్కర్లేదు. చూసుకోకపోతే తెగిన పోగు గీతలా గుడ్డ పొడవునా పాకుతుంది. కార్ల ఫ్యాక్టరీలో కూడా తేడా కనిపిస్తే తాడు లాగి లైను ఆపే హక్కు మామూలు కార్మికుడికి ఇచ్చారు. అమ్మకాల లెక్కల గదిలో మాత్రం అలాంటి తాడు లేకపోయింది.

అయితే నాణ్యత ఒక్కటే ఉంటే ఎటియోస్ వస్తుంది. మనసు లాగే బండి రావాలంటే ఇంకేదో కావాలి. అది అకియోకి హిరోము నరుసే అనే టెస్ట్ డ్రైవర్ దగ్గర దొరికింది. బండి నడపడం రానివాడు కార్ల గురించి మాట్లాడకూడదని యజమాని వంశపు కుర్రాడి మొహం మీదే చెప్పిన మనిషి ఆయన. అకియో తోలడం నేర్చుకున్నారు, మోరిజో అనే మారుపేరుతో రేసులకీ దిగారు. 2010 జూన్‌లో జర్మనీలో లెక్సస్ ఎల్ఎఫ్ఏని పరీక్షిస్తూ నరుసే ప్రమాదంలో పోయారు.

ఆ తర్వాత ‘విసుగు పుట్టించే కార్లు ఇక వద్దు’ అన్న మాట కంపెనీలో మొదలైంది. కానీ నాకు నచ్చిన ఘట్టం అకియో ఓడిపోయింది. కొత్త ప్రియస్‌ని టాక్సీల కోసం చేస్తే పోదా అని ఆయనే అడిగారట. డిజైన్ చేసేవాళ్లు ససేమిరా అన్నారు. పైకప్పు 50 మిల్లీమీటర్లు దించారు, చక్రాలు పెంచారు. 2022 నవంబరులో తెర తీసేసరికి, పొదుపు తప్ప అందం ఎరగదని పేరుపడ్డ బండి చూపు తిప్పుకోనివ్వలేదు. వెనక సీట్లోకి తల వంచి ఎక్కాలి, అంతే. మరుసటి ఏడాది జపాన్‌లో కార్ ఆఫ్ ద ఇయర్ అదే. ‘వద్దు’ అన్నవాళ్ల మాట నెగ్గడం కూడా ఒకరకంగా తాడు లాగడమే.

2023లో గ్రూపు మొత్తం అమ్మకాలు 1.12 కోట్లు దాటాయి. 2024 జనవరి 29న మళ్లీ ఓ పోగు తెగింది. డీజిల్ ఇంజిన్ల శక్తి పరీక్షలో అంకెలు నున్నగా కనిపించేలా, అమ్మే బండ్లలో లేని సాఫ్ట్‌వేర్ వాడారని తేలింది. మన దేశంలోనూ ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ కొన్నాళ్లు ఫ్యాక్టరీ దాటలేదు. ఆ ఇంజిన్లు చేసింది టొయోటా ఇండస్ట్రీస్. 1926లో సకిచి మగ్గాలు తయారుచేయడానికే పుట్టిన కంపెనీ.

మర్నాడు అకియో నగోయాలో క్షమాపణ చెప్పారు. అది చెప్పిన చోటు గ్రూపు మ్యూజియం, ఒకప్పటి సకిచి నేత మిల్లు. పోగు తెగితే ఆగే ఆ మగ్గం అందులోనే ఉంది.