బొమ్మ ఎందుకు భయపెట్టలేకపోయింది?

వార్షికోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తామని అందరూ అనుకొని ఉంటారు. మేము ఒక దయ్యం బొమ్మ సినిమా గురించి రాస్తున్నాము. తమ్ముళ్ళు నవ్వినా సరే, చివరిదాకా చదవాలని మనవి.

ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఆదివారం రాత్రి, ట్రంకుపెట్టెకు సెల్‌ఫోన్ ఆనించి, ఏడెనిమిది మందిమి ‘చైల్డ్స్ ప్లే’ అనే ఇంగ్లీషు సినిమా చూశాము. మాటలు సగమే అర్థమయ్యాయి. అయినా ఆ రాత్రి ఒక్కరం కూడా ఒంటరిగా బయటికి పోలేదు. కొన్ని వారాల తర్వాత దాని మూడో భాగం పెట్టుకున్నాము. సగం కాకముందే ముగ్గురు నిద్రపోయారు. అదే బొమ్మ, అదే కత్తి. మరి భయం ఎక్కడికి పోయింది?

మొదటి భాగం 1988లో వచ్చింది. కథ డాన్ మాన్సినీది, దర్శకుడు టామ్ హాలండ్. చార్లెస్ లీ రే అనే హంతకుడు పోలీసు కాల్పుల్లో చావబోతూ, మంత్రం చదివి తన ప్రాణాన్ని ఒక బొమ్మలోకి పంపిస్తాడు. ఆ బొమ్మే చక్కీ. షికాగోలో ఒక దుకాణంలో పనిచేసే తల్లి, మగదిక్కు లేని మనిషి, ఆరేళ్ళ కొడుకు ఆండీ పుట్టినరోజుకు దాన్ని తెస్తుంది. అంగట్లో కొనే స్తోమత లేక, వీధిలో అమ్మేవాని దగ్గర బేరమాడి కొంటుంది. కదిరి తేరులో మనకు బొమ్మ కొనిచ్చిన అమ్మలాంటిదే ఆమె కూడా.

బొమ్మ మాట్లాడుతోందని ఆండీ చెబితే ఎవరూ నమ్మరు. ఒకరోజు తల్లి అట్టపెట్టె ఎత్తితే అందులోంచి బ్యాటరీలు కింద పడతాయి. వాటిని బొమ్మలో వేయనే లేదు! మరి ఇంతవరకూ అది ఎట్లా మాట్లాడింది? రక్తం చుక్క లేని ఆ ఘట్టానికే మేమందరం దుప్పట్లు కప్పుకున్నాము.

ఇక మూడో భాగం సంగతి. రెండోది 1990 నవంబరులో వస్తే, మూడోది 1991 ఆగస్టులోనే వచ్చింది. మధ్యలో పది నెలలు కూడా లేవు. ఇందులో ఆండీకి పదహారేళ్ళు. సైనిక పాఠశాలలో చేరతాడు. జుట్టు కత్తిరించడం, వరుసలో నిలబెట్టడం, కొత్తవాళ్ళను పెద్దవాళ్ళు సతాయించడం చూసి, ఇది మన హాస్టల్ కథే అని మేము లేచి కూర్చున్నాము. కానీ సినిమాకు ఆ బడి చంపడానికి ఒక కొత్త చోటు మాత్రమే. మంగలి చస్తాడు. ఉత్తుత్తి యుద్ధంలో రంగు గుండ్ల బదులు నిజం గుండ్లు పేలుతాయి. బొమ్మ ఒక జోకు వేస్తుంది, ఒకరిని పొడుస్తుంది. టైలర్ అనే చిన్నపిల్లవాని శరీరంలోకి పోవాలని అది చూస్తుంది. వాని మాట ఎవరు నమ్ముతారనే ప్రశ్నతో మళ్ళీ భయపెట్టవచ్చు. సినిమా మాత్రం వాని వెంట పరుగు తీయడంతోనే సరిపెట్టింది. అమెరికాలో మొదటి భాగానికి సుమారు 3.3 కోట్ల డాలర్లు వస్తే, దీనికి 1.5 కోట్ల దగ్గరే ఆగింది.

తెలిసిన కథ కాబట్టి విసుగు పుట్టిందని అనవచ్చు. మేము ఒప్పుకోము. మన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలనే తీసుకోండి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తెల్లగుడ్డ వెనక దీపం పెట్టి ఆడించేది రామాయణమే. రావణుడు చస్తాడని చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేవారు. ఎందుకంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఆ ఊరి మాటలే మాట్లాడతారు. కథ పాతదైనా, ఎదురుగా కూర్చున్న మనిషి బతుకుతో దానికి ముడి ఉంటుంది. చక్కీ మూడో భాగంలో తెగిపోయింది ఆ ముడే. తల్లి లేమి లేదు, నమ్మించలేని పిల్లవాని ఏడుపు లేదు. మిగిలింది ప్లాస్టిక్.

దీనికి రుజువు అదే వరుసలో ఉంది. 2013లో మాన్సినీయే దర్శకత్వం వహించిన ‘కర్స్ ఆఫ్ చక్కీ’లో ఒకే ఇల్లు, చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి. చివరికి హత్యలన్నీ ఆమె మీదే పడతాయి. బొమ్మ చేసిందంటే నమ్మేవారు లేరు. భయం మళ్ళీ వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మేము తొమ్మిదిలో ఉన్నప్పుడు ఆరో తరగతి పిల్లవాడు ఒకడు, బాత్రూముల వెనక ఏదో బుస కొడుతోందని చెప్పాడు. మేము నవ్వాము. వానికి ‘దయ్యం’ అని పేరు కూడా పెట్టాము. మూడోరోజు వాచ్‌మన్ అక్కడే రాళ్ళ సందులో నాగుపామును చూశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మూడు రాత్రులు వాడు ఒక్కడే ఆ భయం మోశాడు. వాని అమ్మానాయన కరువుకు బెంగళూరు కూలికి పోయి ఉన్నారు. చెప్పుకోవడానికి వానికి మేమే ఉన్నాము.

మా ఇండ్లల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదలు. ఇంత చదివీ తమ్ముళ్ళకు చెప్పగలిగింది చిన్న మాటే. రాత్రి ఎవరైనా చిన్నవాడు లేపి “అన్నా, బయమైతాంది” అంటే, నవ్వకండి. లైటు వేసి, వానితోపాటు పోయి చూడండి.