ఛోటా హాతీకి పెద్ద గుండె

గజపతినగరం మీదుగా సాలూరు వైపు సాగే 26వ నంబరు జాతీయ రహదారి పాతవాళ్లకు ఇప్పటికీ 43వ నంబరు రోడ్డే. ఆ రోడ్డు పక్కన కాసేపు నిలబడితే, ఏ బండి ఎంత లోడుతో పోతోందో చప్పుడును బట్టే చెప్పెయ్యొచ్చు. రామభద్రపురం మార్కెట్లో కూరగాయలు ఎత్తుకున్న చిన్న ట్రక్కులు సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే గానీ ఒడిశాలోని పొట్టంగి, కొరాపుట్ రావు. ఆ ఎక్కుడులో రెండో గేరులో మూలుగుతున్న బండిని నడిపేవాడికి ఒకటే కోరిక పుడుతుంది: ఇందులో ఇంకాస్త పెద్ద ఇంజన్ పడితే ఎంత బాగుణ్ణు! ఆ కోరిక తీర్చుకున్న కంపెనీలూ మెకానిక్కులూ ప్రపంచమంతటా ఉన్నారు. కొందరు రికార్డులు కూడా కొట్టారు. వాళ్ల విశేషాలు చదివితే మన షెడ్డులో బండికి పనికొచ్చే సంగతులు చాలా తెలుస్తాయి.

సగం ఇంజన్‌తో పుట్టిన ఏనుగు

2005 మేలో వచ్చిన టాటా ఏస్ మన దేశపు తొలి మినీ ట్రక్కు. జనం దానికి ఛోటా హాతీ అని పేరు పెట్టుకున్నారు. దాని ఇంజన్ పుట్టుకే ఒక వింత. ఇండికా కారులోని 1405 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ను సగానికి సగం చేస్తే వచ్చిందే ఏస్‌లోని 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్. శక్తి 16 హెచ్‌పీ. మోత ముప్పావు టన్ను. ఒక మంచి మోటారు సైకిల్‌కు ఉన్నపాటి శక్తితో ఆ బండి ఊరూరా సంతలకు సరుకు చేర్చింది. ఇంజన్ చిన్నదైనా గేర్లు, ఇరుసు, కమాన్ పట్టీలు అన్నీ ఆ 16 హెచ్‌పీకి, ఆ ముప్పావు టన్నుకి కొలిచి చేసినవే. ఆ బండి నిలబడింది ఆ పొందిక వల్లే.

ఆ సగాన్ని నిండు చేసినవాళ్లు

చిన్న ట్రక్కులో పెద్ద ఇంజన్ పెట్టాలన్న కోరికను నాలుగేళ్లకే కంపెనీ తానే తీర్చింది. 2009లో వచ్చిన సూపర్ ఏస్‌లో 1405 సీసీ నిండు ఇంజన్, దానికి తోడు టర్బో. శక్తి 70 హెచ్‌పీకి చేరింది. 16 నుంచి 70 అంటే నాలుగు రెట్లు దాటింది. మరి మోత ఎంత పెరిగింది? ముప్పావు టన్ను నుంచి ఒక టన్నుకు, అంతే. అంత ఇంజన్ పెట్టడానికి పాత బండిని విప్పి సరిపెట్టలేదు. ఛాసిస్ దగ్గర నుంచి కొత్త బండినే తయారుచేశారు.

మారుతి సూపర్ క్యారీదీ ఇంచుమించు ఇదే దారి. 2016లో 793 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో మొదలై, తర్వాత 1196 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌కు మారింది.

ట్రాక్టర్ గుండె పెట్టుకున్న జీపు

మన దేశంలో ఇంజన్ మార్పిడులకు పెద్దన్న జీపే. మహీంద్రా తయారుచేసిన విల్లీస్ జీపుల్లో మొదట ఉన్నది పెట్రోల్ ఇంజన్. డీజిల్ కావాలన్న జనం కోరిక తీర్చడానికి ఇంటర్నేషనల్ ట్రాక్టర్‌ను నడిపిన ఇంజన్‌నే జీపు ముక్కు కిందికి తెచ్చారు. దుక్కి దున్నిన గుండె రోడ్డెక్కిందన్నమాట. ట్రాక్టర్ ఇంజన్ తక్కువ తిరుగుళ్లకే గట్టిగా లాగుతుంది. అందుకే మెట్ట దారుల్లో, కొండ దారుల్లో ఆ జీపులకు మంచి పేరు వచ్చింది.

తెలుగు నేల మీద రెండు విశేషాలు

చిన్న ట్రక్కుల తయారీలో మనదీ పాత చెయ్యే. 1980లలో జహీరాబాద్‌లో హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి క్యాబ్‌స్టార్ ట్రక్కులు తయారుచేశాయి. 1989లో ఆ ఉమ్మడి కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. అదే జహీరాబాద్ నుంచి 2015లో జీతో మినీ ట్రక్కు వచ్చింది. 625 సీసీ ఒంటి సిలిండర్ ఇంజన్‌నే ఒక రకంలో 11 హెచ్‌పీకి, మరో రకంలో 16 హెచ్‌పీకి సవరించి అమ్మారు.

రెండోది శ్రీసిటీ సంగతి. 2016లో అక్కడ ఇసుజు పికప్‌ల కర్మాగారం మొదలైంది. వీ-క్రాస్ పికప్‌లో మొదట ఉన్నది 2.5 లీటర్ల ఇంజన్, 134 హెచ్‌పీ. తర్వాత వచ్చిన ఇంజన్ 1.9 లీటర్లదే, అయినా 150 హెచ్‌పీ ఇచ్చింది. అంటే ఇంజన్ చిన్నదైంది, బలం పెరిగింది! సీసీ ఎక్కువైతే శక్తి ఎక్కువ అన్న లెక్క ఇప్పుడు చెల్లదు. టర్బో, ఇంధనం చల్లే తీరు మారితే చిన్న ఇంజన్ పెద్దదాన్ని దాటిపోతుంది.

ఫెరారీని దాటిన పికప్

అమెరికాలో జీఎంసీ కంపెనీ సొనోమా అనే చిన్న పికప్‌లో 4.3 లీటర్ల వీ6 ఇంజన్‌కు టర్బో తగిలించి 1991లో సైక్లోన్ అనే బండి తెచ్చింది. 280 హెచ్‌పీ. కార్ అండ్ డ్రైవర్ పత్రిక పెట్టిన పావు మైలు పందెంలో అది ఫెరారీ 348ని వెనక్కి నెట్టింది. అసలు విశేషం వేరే ఉంది. ఆ బండి మోయగలిగింది 500 పౌన్లు, అంటే దాదాపు 227 కిలోలు మాత్రమే. 16 హెచ్‌పీ ఛోటా హాతీ మోసేదాంట్లో మూడో వంతు కూడా లేదు.

ప్రపంచ వేగం రికార్డులు

2004 ఫిబ్రవరిలో డాడ్జ్ రామ్ ఎస్ఆర్‌టీ-10 పికప్ గంటకు దాదాపు 249 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని ముక్కు కింద ఉన్నది వైపర్ స్పోర్ట్స్ కారు ఇంజన్: పది సిలిండర్లు, 8.3 లీటర్లు, 500 హెచ్‌పీ. 2006 మేలో ఆస్ట్రేలియాలోని వూమెరాలో హెచ్ఎస్‌వీ మాలూ ఆర్8 ఆ వేగాన్ని మించి 271.44 కిలోమీటర్లు అందుకుంది. నడిపింది రేసు డ్రైవర్ మార్క్ స్కైఫ్.

డీజిల్ ఇంజన్లలో పేరు గేల్ బ్యాంక్స్ బృందానిది. డాడ్జ్ డకోటా పికప్‌లో లారీలకు పెట్టే తరహా కమిన్స్ 5.9 లీటర్ల డీజిల్ ఇంజన్ దించి, 735 హెచ్‌పీ దాకా పెంచారు. 2002లో బోన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 217 మైళ్లు, అంటే దాదాపు 349 కిలోమీటర్లు పరిగెత్తించారు. పనిముట్ల ట్రెయిలర్‌ను మైదానం దాకా లాక్కొచ్చింది కూడా ఆ బండే.

ఒకే ఒక్కటి

పిస్టన్లు లేని రోటరీ ఇంజన్‌తో కంపెనీ నుంచే వచ్చిన పికప్ ప్రపంచంలో ఒక్కటే, మాజ్డాది. 1974 నుంచి 1977 దాకా ఉత్తర అమెరికాలోనే అమ్మారు. మాజ్డా సొంత దేశం జపాన్‌లో అతి చిన్న తరగతి ట్రక్కుకు నియమమే హద్దు గీసింది: 1990 నుంచి ఇంజన్ 660 సీసీ దాటకూడదు. అందుకే ఆ బుల్లి ట్రక్కుల్లో పెద్ద మోటారు సైకిల్ ఇంజన్లు దించడం విదేశీ షెడ్లలో ఒక సరదా అయింది.

ఎక్కుడు లెక్క, దిగుడు లెక్క

ఇక మన ఘాట్ రోడ్డుకు వద్దాం. పదిహేను మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు లేచే ఎక్కుడు అనుకుందాం. నిండు లోడుతో 1550 కిలోలున్న 16 హెచ్‌పీ బండి దాన్ని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కగలదు. లోడు పెంచి మొత్తం 2300 కిలోలు చేస్తే వేగం 20కి పడిపోతుంది. పెద్ద ఇంజన్ పెడితే ఈ బాధ నిజంగానే తీరుతుంది. కానీ ఎక్కిన బండి దిగాలి కదా.

1550 కిలోల బండి 600 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఎంత వేడి పుడుతుందో తెలుసా? 30 లీటర్ల మామూలు నీళ్లను మరిగించేంత! 2300 కిలోలైతే 45 లీటర్లకు సరిపోతుంది. ఆ వేడినంతా బ్రేకు డ్రమ్ములు, కిందిగేరులో బిగబట్టిన ఇంజన్ పంచుకోవాలి. డ్రమ్ములు కాలితే బ్రేకులు పట్టు వదిలేస్తాయి. వేగం రెట్టింపైతే ఆపడానికి కావలసిన శక్తి నాలుగింతలవుతుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పెద్ద డ్రైవర్లు చెప్పేది అందుకే. అది ప్రాణాలు కాపాడే మాట.

ఇంజన్ పెరిగితే దాని తిప్పుడు బలం క్లచ్ ప్లేటు, గేరుబాక్సు, జాయింట్ రాడ్డు, వెనక హౌసింగ్‌లోని పళ్లు అన్నిటి మీదా పడుతుంది. ముందు చక్రాల మీద బరువు పెరిగి కమాన్ పట్టీలు కుంగుతాయి. పాత రేడియేటరు కొత్త వేడిని ఆర్పలేదు. బలమైన ఎద్దును కట్టినంత మాత్రాన పాత ఇరుసు గట్టిపడదు.

సీ బుక్కులోని నంబరు

సీ బుక్కులో ఇంజన్ నంబరు ఉండేది ఊరికే కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అరిగిన ఇంజన్ తీసి అదే రకం ఇంజన్ వేసుకున్నా రవాణా కార్యాలయంలో రాయించుకోవాల్సిందే. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది ఆ పుస్తకాన్నే.

నాలుగు హెచ్‌పీ తాత

ప్రపంచపు మొట్టమొదటి మోటారు ట్రక్కును 1896లో జర్మనీలో గోట్లీబ్ డైమ్లర్ తయారుచేశాడు. ఇంజన్ దాదాపు ఒక లీటరు, శక్తి 4 హెచ్‌పీ. మోత 1500 కిలోలు. సైక్లోన్ మోసేదానికి ఆరు రెట్లకు పైమాటే. మెల్లగా పోయింది, కానీ మోసింది. మన బండికి పవర్ చాలట్లేదనిపిస్తే ముందు ఒక బస్తా దించి చూద్దాం. అప్పటికీ చాలకపోతే పెద్ద ఇంజన్‌తో పాటు పెద్ద బ్రేకులూ ఉన్న బండికే మారదాం. సుంకి ఎక్కిన ప్రతి డ్రైవరూ క్షేమంగా దిగి ఇల్లు చేరడం కన్నా గొప్ప రికార్డు ఇంకేముంది?