కుక్కుటేశ్వరుని సీమలో కోడిపందెం: ప్రవర్తనా మార్పు సిద్ధాంత దృష్టి

పిఠాపురం పాదగయ క్షేత్రంలో శివుడు కుక్కుటేశ్వరుడు. యజ్ఞవేదికగా దేహాన్నిచ్చి ఏడు రోజులు కదలకుండా ఉండవలసిన గయాసురుణ్ణి, గడువు తీరకముందే శివుడు కోడియై కూసి లేపాడని స్థలపురాణం. కోడిని దైవరూపంగా కొలిచే ఈ గోదావరి సీమలోనే సంక్రాంతికి కోడి కాలికి కత్తి కడతారు. దీన్ని వైరుధ్యమని చెప్పి ఊరుకోవడం సులభం. నేరమని తెలిసిన పనిని మనిషి ఎందుకు మానడన్నది అంతకంటె ఉపయోగకరమైన ప్రశ్న.

సుసాన్ మిచీ, ఆమె సహపరిశోధకులు 2011లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఏ ప్రవర్తనకైనా సామర్థ్యం, అవకాశం, ప్రేరణ అనే మూడూ కూడిరావాలి. ఆరోగ్యరంగంలో పుట్టిన ఈ నమూనాను జంతు సంక్షేమానికీ అన్వయిస్తున్నారు.

పందెంకోడి విషయంలో పెంపకందారు సామర్థ్యానికి లోటు లేదు. బాదం, జీడిపప్పు తినిపిస్తాడు, ఈత కొట్టిస్తాడు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అంటూ ఈకల రంగును బట్టి పేర్లు. ఏ వేళ ఏ రంగుకు గెలుపో చెప్పడానికి ఒక కుక్కుటశాస్త్రమే ఉంది. ఇంత నిశితంగా కోడిని గమనించినవాడికి ‘దానికి నొప్పి కలుగుతుంది’ అనే ప్రచారం కొత్త సంగతేమీ చెప్పదు.

భయం ద్వారా ప్రేరణను మార్చజూసింది చట్టం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. 2016 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు పందేలను అడ్డుకోవాలని ఆదేశించినా, ఆ తరువాతి సంక్రాంతులలోనూ బరులు వెలిశాయి.

అసలు బలం సామాజిక అవకాశంలో ఉంది. పండుగకు వచ్చిన అల్లుళ్లు, బంధువులు, బరి చుట్టూ చేరే జనం, పక్కనే సాగే గుండాట, వీటన్నిటికీ పౌరుషమనే పేరు. సంప్రదాయానికి సాక్ష్యంగా పల్నాటి కథను చూపుతారు. అయితే ఆ కథలో కోడిపందెం తెచ్చింది మాచర్ల పక్షానికి ఏడేళ్ల ప్రవాసం, ఆపై యుద్ధం! సాక్ష్యం చెప్పేవారు ఈ భాగాన్ని దాటవేయడం గమనార్హం.

కత్తి లేని డింకీ పందేలు మధ్యేమార్గమని కొందరి వాదం. జంతువులను పోరాటానికి పురికొల్పడమే నేరం కనుక చట్టరీత్యా అది నిలవదు. చిలుకముక్కు కోళ్లకు తమిళనాడులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ జరిగిన అందాల పోటీలు ఇంతకంటె ఆశాజనకం అని నా అభిప్రాయం. అక్కడ పెంపకందారు నైపుణ్యమూ, జనం ముందు దక్కే పేరూ రెండూ నిలుస్తాయి. గెలిచినా ఓడినా కోడి ప్రాణంతో ఇంటికి చేరుతుంది. చేతులు మారే పందెం సొమ్ముకు మాత్రం ఆ పోటీలలో ప్రత్యామ్నాయం లేదు. కనుక అవి పెంపకందారును మార్చగలిగినా, బరి నిర్వాహకుణ్ణి కదిలించలేవు.