మాటలు నేర్పే చదువు... ఎక్కడ చదవాలి?

ఇంజనీరింగ్ ఏ కాలేజీలో చేర్చాలని అడగండి, వీధి చివర ఇస్త్రీ బండి అతను కూడా నాలుగు పేర్లు చెప్తాడు. మెడిసిన్ సంగతి సరేసరి. అదే స్పీచ్ థెరపీలో పీజీ ఎక్కడ చేస్తే మంచిదని అడిగితే, "అలాంటి చదువు కూడా ఉందా?" అని మననే ఎదురు ప్రశ్నిస్తారు. అందుకే కాబోలు, ఏటా వేసవి వచ్చేసరికి మా క్లినిక్ బెంచీ మీద పేషెంట్లతో పాటు సర్టిఫికెట్ల ఫైళ్లు పట్టుకున్న అమ్మాయిలు, వాళ్ల పక్కన వాళ్ల అమ్మలు కూడా కూర్చుని ఉంటారు.

నేను రాజమండ్రిలో స్పీచ్ థెరపిస్టుని. పాతికేళ్ల పైమాటే. మాటలు రాని పిల్లలు, నత్తి ఉన్న కుర్రాళ్లు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న టీచర్లు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలు... వీళ్లతోనే నా రోజు గడుస్తుంది. పక్షవాతం తరవాత గుక్కెడు నీళ్లకే పొలమారేవాళ్లకి మళ్లీ మింగడం నేర్పేదీ మేమే అంటే చాలామంది నమ్మరు.

రెండేళ్ల కిందట ఈ ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. మా అక్క కూతురు హైదరాబాదులో బిఎఎస్‌ఎల్‌పి పూర్తి చేసింది. చేతిలో మూడు సీట్లు. ఒకటి అమెరికాలో, ఒకటి మైసూరులో, ఒకటి ఓ పెద్దాసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలో. అక్కకి అమెరికా కావాలి. బావగారికి ఇల్లు తాకట్టు పెట్టడం ఇష్టం లేదు. "పిన్నీ, నువ్వే చెప్పు" అంటూ అది బస్సెక్కి నా దగ్గరికి వచ్చేసింది.

దానికి చెప్పిందే మీకూ చెప్తాను. ముందు, ఈ దారి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు.

ఇంటర్‌లో బైపీసీ వాళ్లే కాదు, ఎంపీసీ వాళ్లు కూడా ఈ చదువుకి రావచ్చు. డిగ్రీ మూడేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. డిగ్రీలో వినికిడి, మాట రెండూ చెప్తారు. తరవాత రెండేళ్ల ఎమ్మెస్సీలో మాత్రం చాలాచోట్ల ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆడియాలజీ అంటే చెవి వైపు, స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీ అంటే మాట వైపు. హియరింగ్ ఎయిడ్ కంపెనీల ఉద్యోగాలు చూసి చెవి వైపు వెళ్లేవాళ్లు ఎక్కువ. మాట వైపు పని నిదానం. ఒక్క అక్షరం కోసం ఆర్నెల్లు కూర్చోవాల్సి వస్తుంది. ఓపిక లేని పిల్లల్ని బలవంతాన ఇటు తోయకండి.

ఇంకో సంగతి. బీటెక్కో, బీఎస్సీ సైకాలజీయో చేసి "ఎమ్మెస్సీ స్పీచ్ చేస్తాను" అని వచ్చేవాళ్లు ఏడాదికి ఒకరిద్దరైనా ఉంటారు. మన దేశంలో అది కుదరదు. ఈ డిగ్రీ ఉంటేనే ఈ ఎమ్మెస్సీ. అమెరికాలో వేరే డిగ్రీ వాళ్లు కూడా కొన్ని ముందస్తు కోర్సులు చదివి మాస్టర్స్‌లో చేరొచ్చు. ఈ తేడా తెలియక రెండేసి సంవత్సరాలు వృథా చేసుకున్న పిల్లల్ని చూశాను.

కాలేజీ ఏదైనా మొదట చూడాల్సింది రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు. అందరూ ఆర్‌సిఐ అంటారు. 1992లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గుర్తింపు కూడా ఒకసారి ఇస్తే శాశ్వతం కాదు. ఇన్నేళ్లకని ఇస్తారు, మళ్లీ పొడిగించుకోవాలి. "మా కాలేజీకి గుర్తింపు ఉందండీ" అంటే సరిపోదు, "ఈ కోర్సుకి, ఈ సంవత్సరానికి ఉందా?" అని అడగండి. మొహమాటం వద్దు.

పేరా? పేషెంట్లా?

ఇక మా అమ్మాయి సంగతి. దాని మూడు సీట్లూ మంచివే. పేరుకేం లోటు లేదు. అందుకే పేర్ల గురించి మాట్లాడద్దన్నాను. "అక్కడ రోజుకి నీ చేతికి ఎంతమంది పేషెంట్లు వస్తారు? ఎలాంటి వాళ్లు వస్తారు? ఏ భాష మాట్లాడతారు? నువ్వు థెరపీ చేస్తుంటే పక్కన కూర్చుని చూసేది ఎవరు? ఈ నాలుగూ తెలుసుకుని రా" అన్నాను.

మా పని పుస్తకంలో నేర్చుకునేది కాదు. ఈత లాంటిది. ఒక కాలేజీకి ఓసారి పరీక్షలు పెట్టడానికి వెళ్లాను, పేరు చెప్పను. ఒకే ఒక్క బాబు, చుట్టూ నలుగురు విద్యార్థినులు. ఒకమ్మాయి బొమ్మ చూపించి మాట్లాడిస్తోంది, ముగ్గురు నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. ఆ ముగ్గురికీ రేపు డిగ్రీ వస్తుంది, పని మాత్రం రాదు. ఫీజు మాత్రం నలుగురిదీ ఒకటే!

మైసూరులోది కేంద్ర ఆరోగ్యశాఖ సంస్థ, 1965లో పెట్టారు. నేను చదివిందీ అక్కడే. ప్రభుత్వ ఫీజు, ప్రవేశ పరీక్షతో సీటు, స్టైపెండ్ కూడా ఉంటుంది. మధ్యతరగతి ఇళ్ల నుంచి వచ్చిన మాలాంటి వాళ్లకి అదెంత ధైర్యమో చెప్పలేను. పిల్లల కేసులు, నత్తి, అంగిలి చీలి పుట్టిన పిల్లలు, గొంతు సమస్యలు అక్కడ చూసినన్ని ఇంకోచోట చూడటం కష్టం. చెన్నై శ్రీరామచంద్ర, మంగుళూరు కస్తూర్బా లాంటివి మెడికల్ కాలేజీ ఆసుపత్రులకు అనుబంధం. అక్కడ వార్డులోకి వెళ్తాం. స్ట్రోక్ వచ్చిన రెండో రోజు మనిషి, గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన మనిషి, ముక్కులో గొట్టంతో ఉన్న మనిషి కనిపిస్తారు. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడికి వచ్చే పిల్లల్లో తెలుగువాళ్లే ఎక్కువ. ఇది చిన్న విషయం కాదు.

ఎందుకంటారా? చెప్తాను.

మన 'చాప' సంగతి

'చాప' అనే మాట బయటికి అని చూడండి. 'చందమామ' అనండి. రెండింట్లో ఉన్నది ఒకే అక్షరం, కానీ పలికేది ఒకటి కాదు. చాపలో చ పళ్ల దగ్గర పలుకుతుంది. తెలుగు తెలియని థెరపిస్టు మన పిల్లాడు చక్కగా 'చాప' అంటే ఉచ్చారణ దోషం అని రాసేస్తుంది! అలాగే ఒత్తులు. 'భయం' అన్నది 'బయం'లా పలికేవాళ్లు పెద్దల్లోనే బోలెడంతమంది. దాన్ని పిల్లాడి జబ్బుగా లెక్కేస్తే ఎలా? ఇంగ్లీషు పిల్లలు మాట చివరి హల్లు వదిలేస్తారా అని అక్కడి పరీక్షల్లో చూస్తారు. మన మాటలు చాలామటుకు అచ్చుతోనే ముగుస్తాయి. అమ్మ, అక్క, పాలు, బువ్వ... వదలడానికి చివర హల్లేది?

స్ట్రోక్ వచ్చిన పెద్దవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ఇంగ్లీషులో 'ఇజ్', 'ద' లాంటి చిన్న మాటలు జారిపోతున్నాయా అని చూస్తారు. "ఆయన మా అన్నయ్య" అన్న వాక్యంలో మనకి క్రియే అక్కర్లేదు, అదేమీ లోపం కాదు. మనకి బరువంతా క్రియ తోక మీదే. వచ్చాను, వచ్చాడు, వచ్చింది, వచ్చారు... ఆ తోక పోతే ఎవరొచ్చారో తెలియదు. నా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. "నిన్న... అమ్మాయి... కాఫీ..." దాకా అని ఆగిపోయేవారు. అమ్మాయి కాఫీ తెచ్చిందా, తాగిందా, ఒలకబోసిందా? ఇంటిల్లిపాదీ ఊహించుకోవాల్సిందే. ఆయన కళ్లనీళ్లు పెట్టుకునేవారు. అలాంటివాళ్లతో పని చేయాలంటే తెలుగు క్రియల గురించి కూర్చుని ఆలోచించే గురువు కావాలి. అందుకే ఎమ్మెస్సీలో చేరేముందు అక్కడి పాత విద్యార్థులు ఏ విషయం మీద డిసర్టేషన్ రాశారో ఓసారి చూడమంటాను. తెలుగు మీద రాసినవి ఉన్నాయా, చేస్తానంటే చేయిస్తారా అని అడగాలి.

మన దగ్గర అవసరం కూడా తక్కువేం కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద చెవిటి పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టించారు. ఆపరేషన్ ఒక పూట పని. ఆ తరవాత వినడం, మాట్లాడటం నేర్పడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది, అది తెలుగులోనే నేర్పాలి. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. మాట, భాషా వైకల్యం అందులో ఒకటి.

అమెరికా లెక్క

"అయితే అమెరికా వద్దంటావా?" అని అక్క ఫోన్లో నిలదీసింది. వద్దనలేదు. లెక్క వేయమన్నాను.

అక్కడ మాస్టర్స్ లేకుండా ఈ వృత్తి చేయనివ్వరు. చదువు దాదాపు రెండేళ్లు. ఆ కోర్సుకి ఆషా వాళ్ల గుర్తింపు మండలి ఆమోదం ఉండాలి. (ఆషా అంటే మన ఊళ్లలో తిరిగే ఆశా కార్యకర్తలు కాదు, అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘం. నేను అక్కకి ఈ మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.) వాళ్ల సర్టిఫికెట్ కావాలంటే 400 గంటల క్లినికల్ అనుభవం చూపించాలి. అందులో 25 గంటలు చూడటం, 375 గంటలు స్వయంగా చేయడం. ఆపైన ప్రాక్సిస్ పరీక్ష, 36 వారాల ఫెలోషిప్, పనిచేసే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. ఇంజనీరింగ్ పిల్లలు చదువయ్యాక మూడేళ్ల దాకా పని చేసుకునే వీలు ఈ కోర్సుకి లేదు, ఒక్క ఏడాదే. అందులో తొమ్మిది నెలలు ఫెలోషిప్‌కే పోతాయి. మిగిలిన మూడు నెలల్లో వీసా ఇప్పించే యజమానిని వెతుక్కోవాలి. ఫీజు, ఖర్చులు కలిపితే 60 లక్షల దాకా తేలింది. బావగారు కాగితం మీద ఆ అంకె రాసి, పక్కన ఇంటి విలువ రాసి, పెన్ను మూత పెట్టేశారు.

పోనీ ఇక్కడ ఎమ్మెస్సీ చేసి తరవాత వెళ్తే? అదీ అంత తేలిక కాదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా సంఘాల మధ్య పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది కానీ అందులో మనం లేం. మన డిగ్రీని సబ్జెక్టు సబ్జెక్టుగా సరిచూసి, తక్కువైనవి చదివి రమ్మంటారు.

అలాగని అందరికీ ఒకే సలహా ఇవ్వను. పెళ్లయి, భర్త అక్కడే స్థిరపడ్డ ఒకమ్మాయి అదే నెలలో నా దగ్గరికి వచ్చింది. "నువ్వు అక్కడే చదువమ్మా" అన్నాను. అక్కడి మన పిల్లలకి కాస్త మాట ఆలస్యమైతే, "ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీషే మాట్లాడండి" అని తల్లులకి చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. బడిపిల్లలని పరీక్షించేటప్పుడు సాధ్యమైనంత వరకు వాళ్ల సొంత భాషలో పరీక్షించాలని అక్కడి చట్టమే చెప్తుంది. కానీ తెలుగు వచ్చిన థెరపిస్టు దొరకాలి కదా? ఆ పిల్ల అక్కడుంటే ఎందరో అమ్మమ్మలు వీడియో కాల్‌లో మనవలతో తెలుగులో మాట్లాడుకోగలుగుతారు.

మా అమ్మాయిని మాత్రం ఒకటే అడిగాను. "ముప్ఫై అయిదేళ్లప్పుడు నీ ఎదురుగా కుర్చీలో ఎవరు కూర్చుని ఉండాలే?" రాత్రంతా డాబా మీద కూర్చుంది. పొద్దున్న కాఫీ తాగుతూ, "స్ట్రోక్ వచ్చిన తాతయ్యలు, పిన్నీ" అంది. మరి పిల్లల కేసులకి పేరున్న చోటు కన్నా, వార్డులు ఉన్న చోటే దానికి మేలు. ఆసుపత్రి కాలేజీలో చేరింది. అక్క రెండు నెలలు నాతో ముభావంగా ఉంది. "నీ వల్లే నా కూతురు ఇక్కడ ఉండిపోయింది" అని ఇప్పటికీ పెళ్లిళ్లలో నలుగురి ముందూ అంటుంది. పడతాను. పెళ్లి సంబంధాల వాళ్లు "డాక్టరా, నర్సా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక తంటాలు పడేదీ అక్కే మరి.

అమ్మాయి ఇప్పుడు ఆఖరి సెమిస్టరులో ఉంది. స్ట్రోక్ వచ్చినవాళ్లు తెలుగు క్రియలు ఎలా వాడతారన్నది దాని డిసర్టేషన్. పోల్చడానికి ఏ జబ్బూ లేని పెద్దమనుషుల మాటలు కూడా రికార్డు చేయాలిట. "పిన్నీ, మీ వీధిలో అరవై దాటిన వాళ్లని పట్టుకో. టీ ఎలా పెడతారో వరసగా చెప్పమను, చాలు" అంది. సరేనని ఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆడవాళ్లు అల్లం దంచడం దగ్గర్నుంచి అయిదు నిమిషాలు ఆపకుండా చెప్పారు. మగవాళ్లలో సగంమంది "నీళ్లు పెడతారు... తరవాత... ఏమే, తరవాతేంటి?" అని వంటింటి వైపు తిరిగారు. అది వింటే స్ట్రోక్ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా తెలియట్లేదని మా అమ్మాయి గొడవ. చివరికి వాళ్ల గైడుని అడిగి, మగవాళ్లకి ప్రశ్న మార్చింది. పంచె ఎలా కట్టుకుంటారో చెప్పమని.