రెసిస్టర్ లేని రెసిస్టర్

"సార్, చిప్పు లోపలున్న ఫిల్టరును బయటినుంచి ట్యూన్ చేయాలంటే దాని రెసిస్టర్‌ను తిప్పేదెలా?" అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. తిప్పలేం. సిలికాన్ మీది రెసిస్టర్‌కు మర ఉండదు. పైగా తయారీలోనే దాని విలువ 20 శాతం దాకా అటూ ఇటూ పోతుంది.

మొదటి ఉపాయం ఓటీఏ అనే యాంప్లిఫయర్. 1969లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన సీఏ3080 ఆ జాతిదే. మామూలు ఆప్-ఆంప్ వోల్టేజీ ఇస్తుంది, ఇది కరెంటు ఇస్తుంది. ఎంత ఇవ్వాలో ఇంకో పిన్నుకు మనం పంపే బయాస్ కరెంటు చెబుతుంది. దాని వెనక ఒక కెపాసిటర్ పెడితే ఫిల్టరు సిద్ధం. బయాస్‌ను 10 మైక్రో ఆంపియర్ల నుంచి 1 మిల్లీ ఆంపియర్‌కు పెంచితే కటాఫ్ ఫ్రీక్వెన్సీ వంద రెట్లు పెరుగుతుంది. ముచ్చటైన పనే! కానీ దాని లోపలి ట్రాన్సిస్టర్ల లాభం (గెయిన్) పరమ ఉష్ణోగ్రతకు విలోమంగా మారుతుంది. 25 డిగ్రీల ల్యాబులో సరిచేసిన ఫిల్టరు మన 42 డిగ్రీల మే ఎండలో 5 శాతం కిందికి జారుతుంది. ఇన్‌పుట్ పది ఇరవై మిల్లీవోల్టులు దాటితే తరంగం వంకరపోతుంది కూడా.

ప్రత్యర్థి మార్గం అసలు రెసిస్టర్‌నే పీకేసింది. చిన్న కెపాసిటర్‌ను రెండు స్విచ్చుల మధ్య పెట్టారు. ఒకటి మూసుకుంటే ఇటు నుంచి ఛార్జి నిండుతుంది, రెండోది మూసుకుంటే అటు ఒలుకుతుంది. వెనకటి కపిల బావిలో కాలవకు ఎన్ని నీళ్లు పారతాయన్నది బాన సైజు, ఎద్దుల జోరు తేల్చినట్టే, ఇక్కడ కెపాసిటర్ విలువ, క్లాకు వేగం కలిసి కరెంటును తేలుస్తాయి. 1 పికోఫారడ్‌ను సెకనుకు లక్షసార్లు తిప్పితే అది 10 మెగా ఓముల రెసిస్టర్‌తో సమానం. అంత రెసిస్టర్‌ను చిప్పులో గీయాలంటే స్థలం ఎక్కడిది?

అసలు కిటుకు ఇంకోటుంది. ఫిల్టరు ఫ్రీక్వెన్సీ ఇప్పుడు రెండు కెపాసిటర్ల (స్విచ్చుల మధ్యది, దాని వెనకది) నిష్పత్తి మీద, క్లాకు మీద మాత్రమే ఆధారపడుతుంది. విడివిడి విలువలు తప్పినా రెండూ ఒకే దిక్కుకు తప్పుతాయి, నిష్పత్తి చెక్కుచెదరదు. క్లాకు క్వార్ట్‌జ్‌ది. ఎండలు దాన్ని ఏం చేస్తాయి? క్లాకు మారిస్తే ఫిల్టరు మారుతుంది, అంతే ట్యూనింగు. స్విచ్చుల మధ్య కెపాసిటర్ రెసిస్టర్‌తో సమానమన్న లెక్కను 19వ శతాబ్దంలోనే మాక్స్‌వెల్ చూపించాడు. 1977లో బర్క్‌లీ పరిశోధకులు దాన్ని మాస్ (ఎంఓఎస్) చిప్పు మీదికి తెచ్చారు. టెలిఫోను గొంతును 3,400 హెర్ట్జ్‌ల దగ్గర కత్తిరించే పని ఆ ఫిల్టర్లకు దక్కింది. బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్)లో పనిచేసిన పి.వి.ఆనంద మోహన్ మరో ఇద్దరితో కలిసి 1995లో ఈ ఫిల్టర్ల మీద మంచి గ్రంథమే రాశారు.

తర్వాత రేడియో వేగాలకు క్లాకు చాలక ఓటీఏలు మళ్లీ గెలిచాయి. అయినా ఆడియో దాకా నా ఓటు స్విచ్చుల కెపాసిటర్‌కే. దొరికితే ఎంఎఫ్10 చిప్పు ఒకటి కొని, క్లాకు మార్చుతూ ఆసిల్లోస్కోప్ చూడండి. 100 కిలోహెర్ట్జ్‌ల క్లాకు ఇస్తే, నిష్పత్తి పిన్ను వందకు ఉన్నప్పుడు ఫిల్టరు దాదాపు 1 కిలోహెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది.