నెల తప్పితే లెక్క ఏ రోజు నుంచి?

"పోయిన నెల 5న అయ్యాను, ఈ నెల 9 వచ్చినా కాలేదు." తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎక్కడ విన్నా ఆడవాళ్లు నెలసరి లెక్క ఇలా తేదీకి తేదీ వేస్తారు. తిరకాసంతా ఇక్కడే. బహిష్టయిన మొదటి రోజును 1గా పెట్టుకుని, మళ్లీ అయ్యేదాకా లెక్కించాలి. ఆ వ్యవధి 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతున్నా పెద్దవాళ్లలో మామూలే. 35 రోజులకోసారి వచ్చేవాళ్లకు 31వ రోజున ఆలస్యమన్నదే లేదు.

అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి పట్టే కాలం పెద్దగా మారదు: సుమారు 14 రోజులు. మారేది అంతకు ముందు భాగం. 28 రోజుల లెక్క ఉన్నవారికి అండం 14వ రోజు ప్రాంతంలో, 35 రోజులవారికి 21వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. జ్వరం తగిలినా, బరువు ఒక్కసారిగా మారినా, దిగులుతో నిద్ర చెడినా ఆ నెల అండం వారం వెనకబడవచ్చు. తెనాలి జంక్షన్లో ఆలస్యంగా వచ్చే మెయిన్ లైను బండి కోసం రేపల్లె బండిని ఆపితే రెండూ ఆలస్యమైనట్టు, నెలసరీ వారం వెనక్కి పోతుంది. థైరాయిడ్, పీసీఓఎస్ ఉన్నవారికి ఈ జాప్యం నెలల్లో కూడా ఉంటుంది.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. వ్రతమనో పెళ్లనో నెలసరిని వాయిదా వేసే నోరెథిస్టిరాన్ మాత్రలు. ఆపేసిన రెండు మూడు రోజుల్లో సాధారణంగా నెలసరి వస్తుంది. వారమైనా రాకపోతే గర్భ పరీక్ష చేసుకోవాలి, ఎందుకంటే వాయిదా కోసం వాడే ఆ మాత్రలు గర్భాన్ని ఆపుతాయన్న నమ్మకం లేదు. నెల రావడానికి మాత్రలు రాయించుకునే ముందు కూడా ఇదే పరీక్ష.

ఇక పరీక్ష ఎప్పుడు? కిట్టు వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోన్ను. పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాకే అది తయారవుతుంది. అమెరికాలో 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, నిలిచిన గర్భాల్లో 84 శాతం అండం విడుదలైన 8, 9, 10వ రోజుల్లోనే అంటుకున్నాయి. ఆపైన హార్మోన్ దాదాపు రెండు రోజులకోసారి రెట్టింపవుతుంది. మూత్రంలో అది 25 యూనిట్లకు చేరితేనే చాలా కిట్లకు అందుతుంది. 5 యూనిట్ల దగ్గర మొదలైందనుకుంటే 10, 20, 40. అంటే ఆరు రోజులు. నెల తప్పిన మొదటి రోజే పరీక్షిస్తే ఎంత మంచి కిట్టయినా 100 గర్భాల్లో 90కి మించి పట్టలేదని, వారం ఆగితే 97 దాకా పడుతుందని 2001లో అదే పరిశోధకులు లెక్క తేల్చారు.

కాబట్టి మొదటి రోజు నెగెటివ్ వస్తే అది ఇంకా తేలని జవాబే. వారానికి మళ్లీ చూడాలి. నెలసరి ఎప్పుడూ క్రమం తప్పేవారు తేదీ గొడవ వదిలేసి, కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకుంటే చాలు. పొద్దున లేవగానే వచ్చే మూత్రం మంచిది. కిట్టు మీద 'సి' అక్షరం దగ్గర గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లలేదని అర్థం. 'సి'తో పాటు 'టి' దగ్గర గీత పలచగా వచ్చినా పాజిటివే, కాకపోతే పెట్టె మీద రాసిన సమయంలోపే చూడాలి. సొంత వీధి మెడికల్ షాపులో అడగడానికి మొహమాటపడేవాళ్లు ఎందరో. ఆశా కార్యకర్తల ద్వారా ప్రభుత్వం 'నిశ్చయ్' కిట్లు ఉచితంగా ఇస్తోంది, అడగండి. రెండోసారీ నెగెటివ్ వచ్చి నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

తేల్చుకోవడానికి ఇంత తొందర ఎందుకంటే, డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. 28 రోజుల లెక్కలో నెల తప్పిన రోజుకే 4 వారాలు. బిడ్డ వెన్నుపాముగా మారే నాళం 6 వారాలకల్లా మూసుకుపోతుంది. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కావలసింది అప్పుడే, నిజానికి అంతకు ముందు నుంచే. గర్భం వద్దనుకుంటే మందులతో తీయించుకునే వీలు గర్భస్రావ చట్టం 2021 నిబంధనల ప్రకారం 9 వారాల వరకే. అందులో 4 ముందే పోయాయి. షాపులో కొని మింగేసే మందులు కావవి, డాక్టరు చూడాల్సిందే. ఈ చట్టంలో పెళ్లయినవారికీ కానివారికీ తేడా చూపకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తీర్పిచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా చెప్పాల్సింది పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్ సంగతి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. నెల తప్పితే "నాకు ఆపరేషన్ అయిపోయిందిగా" అని ఊరుకునేది వీళ్లే. అమెరికాలో ఈ ఆపరేషన్ అయిన 10,685 మందిని గమనిస్తే పదేళ్లలో వెయ్యికి 18 మందికి పైగా గర్భం వచ్చింది. అలా వచ్చిన 143 గర్భాల్లో 47 గర్భసంచి బయట, ఎక్కువగా ట్యూబులో పెరిగినవే. ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కొద్దికొద్దిగా రక్తం, కళ్లు తిరగడం, భుజంలో నొప్పి ఉంటే కిట్టు కోసం చూడొద్దు. రేపల్లె నుంచి ఆసుపత్రి కోసం తెనాలి పోవాలన్నా 34 కిలోమీటర్లు. రైలు వేళ చూసుకోకుండా 108 అంబులెన్సుకు ఫోన్ చేయాలి, ఆపరేషన్ అయిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.